దొరకలేదు

నవంబరు మొదటివారంలో మామిడితోటలోకి వెళ్ళి, పూత ఎక్కడా అని చెట్టు చెట్టుకీ తల పైకెత్తి చూసేవాణ్ణి మా ముసునూరు రైతులు ఏమంటారు? పిచ్చివాడంటారు. లేకపోతే అమెరికా నుంచి వచ్చాడంటారు. 2010లో అరిజోనా ఎడారిలో నేను చేసిన పని అచ్చం అదే. కాకపోతే నేను ఎదురుచూసింది పూత కోసం కాదు, ఎదకాలపు మదమెక్కిన పోతుదుప్పి కోసం.

దుప్పి అని ఎందుకంటున్నానో ముందే చెప్పాలి. మనవాళ్ళు కాళ్ళు సన్నగా ఉండి గంతులేసే ప్రతిదాన్నీ జింక అనేస్తారు. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకకు కొమ్ములు బతికినంతకాలం ఉంటాయి. దుప్పికీ కణితికీ ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. అరిజోనాలో మ్యూల్ డీర్ అనేది ఈ రెండో రకం. కంచరగాడిద చెవుల్లాంటి చెవులు, తోక చివర నల్లటి కుచ్చు. బెదిరితే నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేల విడిచి బంతిలా ఎగురుతూ పోతుంది. నా మటుకు నాకు అది దుప్పే.

మా ఇంట్లో వేటగాళ్ళెవరూ లేరు. మాకున్నది మామిడి. బంగినపల్లి, చిన్నరసాలు, గట్టు వెంబడి నాలుగు కలెక్టరు చెట్లు. చిలకల్నీ కోతుల్నీ తోలడానికి వడిసెల తిప్పడంతో నా విలువిద్య సరి. ఇక్కడ 1972 చట్టం వచ్చాక అడవి జంతువు మీద చెయ్యి వేస్తే జైలే. 1998 నాటి కృష్ణజింక కేసు అప్పటికింకా జోధ్‌పూర్ కోర్టుల్లో నలుగుతూనే ఉంది. నేను వేటకు వెళ్తున్నానని తెలిసిన దగ్గర్నుంచీ మా తమ్ముడు ఫోన్ ఎత్తగానే "ఏం సల్మాన్ ఖాన్‌గారూ" అనేవాడు.

ఫీనిక్స్‌కు నేను వెళ్ళింది 1999లో. హెచ్1బి వీసా మీద ఉన్నవాడు తుపాకి చేతపట్టడమే అక్కడ ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు. ఈ సంగతి తెలియక స్నేహితుల వెంట సరదాగా కాల్చడానికి వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఉంటారు. నేను భయస్థుణ్ణి. గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా ఆ ఊసెత్తలేదు.

ఆ ఊసెత్తించింది మా పక్కింటి పెద్దాయన. రాగి గనిలో పనిచేసి రిటైరైనవాడు. ఆయన ఫ్రీజర్‌లో ఎప్పుడూ దుప్పి మాంసం ఉండేది. నాకు రెండు మాటలు చెప్పాడు. నవంబరు ట్యాగ్ తేలిగ్గా వస్తుంది, ఎందుకొస్తుందో ఆలోచించుకో అన్నది ఒకటి. తుపాకి కొనేముందు రెండు నెలలు తన తుపాకితో కాల్చి చూడమన్నది రెండోది. రెండూ తలూపి విన్నాను. రెండూ చెయ్యలేదు.

ట్యాగ్ అంటే ఒక్క దుప్పిని కొట్టడానికిచ్చే చీటీ. అరిజోనా గేమ్ అండ్ ఫిష్ శాఖ వాళ్ళు ఎండాకాలంలో దరఖాస్తులు తీసుకుని లాటరీ తీస్తారు. ఏ ప్రాంతంలో ఏ తేదీల్లో వేటాడాలో ఆ చీటీలోనే ఉంటుంది. నేను పత్రికలు తిరగేశాను. మ్యూల్ డీర్ పోతులు నవంబరు నడిమికి మదమెక్కి తిరుగుతాయనీ, మెడలు ఉబ్బి, ఒళ్ళు తెలియకుండా పెంటిదుప్పుల వెంటపడతాయనీ, పట్టపగలు ఆరుబయట కనిపిస్తాయనీ రాసి ఉంది. అవన్నీ మోంటానా, వ్యోమింగ్ వైపు వేటగాళ్ళ రాతలు. దుప్పి ఎక్కడైనా దుప్పే గదా అనుకుని నవంబరు ట్యాగ్‌కు పెట్టాను. వచ్చింది.

ఇక తుపాకి. అరిజోనాలోనే 1902లో పుట్టిన జాక్ ఓకానర్ అనే రచయిత జీవితమంతా .270 విన్‌చెస్టర్‌ను పొగుడుతూ రాశాడు. ఆ తూటా 1925లో వచ్చింది. ఆయన తిరిగిన కొండలు కూడా ఈ ఎడారి కొండలే. 130 గ్రెయిన్ల గుండు, అంటే ఎనిమిదిన్నర గ్రాములు కూడా లేనిది, ఎడారి దుప్పికి చాలునన్నది ఆయన మాట. పెద్దాయన దగ్గరున్నది కూడా అదే, కర్రంతా గీతలు పడ్డ పాత .270. నాకది చిన్నదనిపించింది. లోయకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కాల్చాలంటే ఇంకా బలమైనది ఉండాలని .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ కొన్నాను. అది వెనక్కి తన్నే తన్ను .270 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. తుపాకుల మీదా తూటాల మీదా కట్టే పన్ను 1937 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణుల సంరక్షణకే పోతుందని తెలిసి, ఖరీదైంది కొన్నందుకు పుణ్యం కూడా వచ్చిందని సంబరపడ్డాను.

ఊరికి ఉత్తరాన బెన్ ఏవరీ కాల్పుల మైదానం ఉంది. శనివారాలు అక్కడ సిమెంటు బల్ల మీద ఇసుక సంచులు పెట్టుకుని, తుపాకి వాటి మీద ఆన్చి, స్టూలు మీద కూర్చుని కాల్చేవాణ్ణి. ఇరవై గుళ్ళు కాల్చేసరికి భుజం నేరేడుపండు రంగుకు తిరిగేది. ఒకరోజు పెద్దాయన నా తుపాకి తీసుకుని, అటు తిరిగి, తూటా పెట్టి ఇచ్చాడు. నేను గురి చూసి ట్రిగ్గర్ నొక్కాను. టిక్ మంది. పేలలేదు. కానీ తుపాకి మూతి జానెడు కిందికి దిగింది. నా కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఆయన పెట్టింది ఖాళీ డొల్ల. పేలని తుపాకికే అంత ఉలికిపడ్డానంటే పేలేదానికి ఎంత ఉలికిపడుతున్నానో! ఆయన ఏమీ అనలేదు. తన .270 కేసు మూత తీసి బల్ల మీద పెట్టి, కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు. నేను దాన్ని ముట్టుకోలేదు. పదమూడు వందల డాలర్ల తుపాకి కొన్నవాణ్ణి, గీతల కర్ర పట్టుకుంటానా?

ఫీనిక్స్‌కు పడమరగా హార్క్వహాలా కొండలున్నాయి. నా ట్యాగ్ వాటికే. ఎడారి అంటే మనకు ఇసుక తిన్నెలు గుర్తుకొస్తాయి గానీ సోనోరా ఎడారిలో ఇసుక కన్నా రాయీ ముల్లూ ఎక్కువ. నిలువెత్తు సాగ్వారో బ్రహ్మజెముళ్ళు, తాకితే గుత్తిగా అంటుకునే చోయా ముళ్ళు, వాగుల వెంట మెస్కీట్ చెట్లు. మెస్కీట్ ఎవరో కాదు, మన చెరువుగట్ల మీది సర్కారుతుమ్మకు దాయాది. ఆకూ అదే, కాయా అదే. ఇక్కడ ఆ కాయ మేకలు తింటాయి, అక్కడ దుప్పులు తింటాయి. పరాయి దేశంలో పలకరించే ముఖం దొరికినట్టయింది. ఊరు గుర్తొచ్చింది గానీ ఊరి తెలివి మాత్రం గుర్తు రాలేదు.

ఆదివారం మొదలుపెట్టాను. చీకటితో లేచి దిబ్బ ఎక్కి, ట్రైపాడ్ మీద బైనాక్యులర్స్ పెట్టి ఎదుటి వాలును గజం గజం వెతకాలి. అక్కడి వేటంటే పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళు ఇలా కూర్చుని చూడటమే. పెంటిదుప్పులు కనిపించాయి, మూడు, నాలుగు, ఒకచోట ఆరు. ఒక్కదాని వెంటా పోతు లేదు. మదం లేదు, ఉరకలు లేవు. పోతులు ఎక్కడో వాగు నీడల్లో ముడుచుకుని, తెల్లవారుజామునా మునిమాపునా మాత్రం లేచి మేసి మళ్ళీ పడుకుంటున్నాయి. సోమ, మంగళ, బుధ. పత్రికలో బొమ్మలు వేరు, నా ఎదుటి కొండ వేరు. సెలవు అయిపోతోంది. ఒక్కణ్ణే చలిలో కారు పక్కన పడుకుంటూ, ఆఫీసులో ఏం చెప్పాలో, పెద్దాయనకు ఏం చెప్పాలో అల్లుకుంటున్నాను. బుధవారం రాత్రికి నా మనసులో ఒక నిర్ణయం తయారైపోయింది. ఏ పోతు కనబడినా కొట్టెయ్యాలి.

గురువారం పొద్దున ఏడున్నరకు కనబడింది. లోయకు అవతల, ఓకొటీయో ముళ్ళబరికెల మధ్య, ఒంటిగా. దూరం కొలిచే యంత్రం 310 గజాలంది. ఆ ఎడం చాలా ఎక్కువ. బల్ల మీద నుంచి 200 గజాలు దాటి నేను ఎన్నడూ కాల్చలేదు. కొండవాలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చి, గుండె కొట్టుకుంటుండగా అసలు కాల్చనే లేదు. ఎడమవైపు నుంచి గాలి. గంటకు పది మైళ్ళ అడ్డగాలి ఉంటే ఆ దూరంలో గుండు సుమారు అర అడుగు పక్కకు పోతుంది. ఇదంతా నాకు కాగితం మీద తెలుసు. అది తల దించి మేస్తూ రెండడుగులు వేసింది. ఇంకో అడుగు వేస్తే పొద చాటుకు పోతుంది.

కళ్ళు మూసుకున్నాను. ఇది అలంకారం కాదు. నిజంగానే మూసుకున్నాను.

తడిసిన గోతాం మీద కర్రతో కొట్టినట్టు చప్పుడు తిరిగొచ్చింది. ఆ చప్పుడు అర్థం నాకప్పుడు తెలియదు. తెరిచి చూసేసరికి అది పరిగెత్తట్లేదు. నడుం గూనిగా ఎత్తి, నాలుగు కాళ్ళూ దగ్గరకు పెట్టుకుని, కడుపునొప్పి వచ్చిన పిల్లాడిలా నెమ్మదిగా నడుస్తోంది. రొమ్ముకు తగిలిన దుప్పి ఎగిరి దూకి పరిగెత్తి పడిపోతుంది. పొట్టకు తగిలినది ఇలా నడుస్తుంది. దగ్గర్లో నీడ చూసుకుని పడుకుంటుంది. దాన్ని అలా వదిలేసి నాలుగైదు గంటలు కదలకుండా కూర్చుంటే పడుకున్నచోటే ప్రాణం పోతుంది. హంటర్ ఎడ్యుకేషన్ తరగతిలో ఇది చెప్పారు. పరీక్షలో ఈ ప్రశ్నకు సరైన జవాబు కూడా పెట్టాను.

పది నిమిషాల్లో లోయ దిగి అవతలి ఒడ్డెక్కేశాను.

అది నిలబడ్డచోట రాతి మీద నాలుగు వెంట్రుకలు, నల్లగా చిక్కటి నెత్తురు, అందులో పచ్చటి పిప్పి. నెమరు వేస్తున్న మేత. మా గేదె నోట్లో చూసిన రంగే. ఆ వాసన కూడా నాకు తెలిసినదే, పశువుల పాకలో చావు వాసన. ముందుకు పోయాను. నూటయాభై గజాల అవతల పాలోవెర్దీ చెట్టు కింద పడుకుని ఉన్నదల్లా నన్ను చూసి లేచింది. ఒక్కక్షణం ఇద్దరం చూసుకున్నాం. నేను తుపాకి ఎత్తేలోపు గట్టు దాటిపోయింది. ఆ తర్వాత నెత్తురు చుక్క పది గజాలకొకటి, ముప్ఫై గజాలకొకటి, ఆపైన ఏమీ లేదు. చీకటి పడేదాకా తిరిగాను. కొయోటీల అరుపులు విన్నాను.

మర్నాడు దీపావళి. పొద్దున ఎనిమిదింటికి వెతుకుతూ వెతుకుతూ ఎత్తైన చోటికి చేరితే జేబులో ఫోన్ మోగింది. నాన్న. మా ఊళ్ళో రాత్రి ఎనిమిదిన్నర. వెనక టపాకాయలు పేలుతున్నాయి.

"ఏరా, దొరికిందా?" అన్నాడు.

"దొరకలేదు నాన్నా" అన్నాను.

అబద్ధమా అంటే కాదు. వెతుకుతున్నది దొరకలేదు, నిజమే. కానీ ఆయన అడిగినది ఒకటి, నేను జవాబిచ్చినది ఇంకొకటి. తెలుగులో ఈ మాట ఇంత సదుపాయంగా ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు. ఆయన నా గొంతులో నీరసం విని, వేట కుదరక దిగులు పడ్డాననుకున్నాడు. ఓదార్చడం మొదలుపెట్టాడు.

"అక్కడ వానలెప్పుడురా?"

"జులై, ఆగస్టు. మన నైరుతి లాంటిదే, వీళ్ళూ మాన్సూన్ అనే అంటారు."

"దాని చూలు ఎన్నాళ్ళు?"

"రెండొందల రోజులు, అటూ ఇటూగా."

"వానలు పడి పచ్చిక లేచే వేళకు పిల్ల నేల మీద పడాలి గదరా. లేకపోతే తల్లికి పాలెక్కణ్ణించి వస్తాయి? అక్కణ్ణించి వెనక్కి లెక్కేసుకో."

వేళ్ళ మీద లెక్కేశాను. జులై ఆఖరు నుంచి రెండొందల రోజులు వెనక్కి వస్తే జనవరి రెండోవారం. మోంటానాలో మంచు కరిగి గడ్డి లేచేది జూన్‌లో. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తే నవంబరు. పత్రికలు అబద్ధం రాయలేదు, వాళ్ళ కొండ సంగతి రాశాయి. ఎడారిలో పోతులు మదమెక్కేది డిసెంబరు ఆఖరు నుంచి జనవరి దాకా. నవంబరు ట్యాగ్ అంత తేలిగ్గా ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. దుప్పిని జన్మలో చూడని ముసునూరు మామిడి రైతు మూడు ప్రశ్నల్లో తేల్చేశాడు. తేల్చడా మరి? పూతకు ముందు తోటకు నీళ్ళు పెడితే చెట్టు చిగురేసి కూర్చుంటుందనీ, బెట్ట పెడితేనే పూస్తుందనీ తెలిసినవాడు. ఏ పని ఏ నెలలోనని కాదు, ఆ నెలలోనే ఎందుకని ఆలోచించడం ఆయనకు అలవాటు.

"నెల తప్పు నాయనా, నీ తప్పేముంది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవిలో ఉండిపోయింది. నెల తప్పిందంటే నిజమే. నెల తప్పి నాలుగు రోజులు వట్టిపోయాయి. వట్టిపోయినందుకు ఆత్రం పుట్టింది. ఆత్రంలో 310 గజాలు దగ్గరగా కనిపించాయి. అక్కడిదాకా నెల మీద తోసెయ్యొచ్చు. పాలోవెర్దీ కింద పడుకున్నదాన్ని లేపింది మాత్రం నెల కాదు.

శనివారం దొరికింది. రేవెన్ కాకులు తిరుగుతుంటే పోయి చూశాను. గట్టు దాటి ఇంకో లోయలో, బండ చాటున. కొయోటీలు తినగా పక్కటెముకలూ తలా మిగిలాయి. ఒక్కో కొమ్ముకు మూడు కొనలు. తినదగిన వేట మాంసాన్ని పారెయ్యడం అక్కడ నేరం. నాకు పారెయ్యడానికి కూడా ఏం మిగల్లేదు. కొమ్ములు ముట్టుకోలేదు. ట్యాగ్ చింపి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఆ ఏడు ఇంకా రోజులున్నా వెళ్ళలేదు. పెద్దాయనకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అంతా విని, "ఎంతసేపు ఆగావు?" అని ఒక్కటే అడిగాడు.

మ్యాగ్నమ్ అమ్మేశాను. వచ్చింది తొమ్మిది వందలు. తర్వాత రెండేళ్ళు లాటరీలో పేరు రాలేదు. రాకపోవడమే మంచిదైంది. పెద్దాయన .270తో, బల్ల వదిలేసి, నేల మీద కూర్చుని కాల్చడం మొదటి నుంచి నేర్చుకున్నాను. తూటా లేకుండా రోజూ రాత్రి ఇంట్లో గోడ మీది చుక్కకు గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కేవాణ్ణి. ఆ టిక్ టిక్‌కు మా ఆవిడ విసుక్కునేది. రెండు వందల గజాలు దాటితే కాల్చనని నాకు నేను గీత గీసుకున్నాను.

2013 డిసెంబరు ఆఖరుకు ట్యాగ్ వచ్చింది. ఈసారి టూసాన్‌కు దక్షిణాన శాంటా రీటా కొండల్లో, కూస్ దుప్పికి. ఇది తెల్లతోక దుప్పిలో పొట్టి రకం. పోతు కూడా నలభై, నలభై అయిదు కిలోలు మించడం అరుదు. సైన్యంలో వైద్యుడూ పక్షిశాస్త్రజ్ఞుడూ అయిన ఇలియట్ కూస్ పేరు పెట్టారు. బూడిదరంగు దయ్యమంటారు వేటగాళ్ళు. కదలకపోతే రాయి, కదిలితే మాయం. వీటి ఎద కూడా జనవరి వైపే. మూడో రోజు మధ్యాహ్నం, ఓక్ చెట్ల నీడలో రెండు పెంటిదుప్పులు, వాటి వెనక ముక్కు నేలకు ఆన్చి ఒక పోతు, మెడ ఉబ్బి, లోకం పట్టనట్టు. నాన్న లెక్క. 170 గజాలు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి. గుండు తగలడం, అది ఒరగడం, స్కోప్‌లో చూశాను. పొద వెనక పడింది, లేచిన జాడ లేదు. అయినా కదల్లేదు. వాచీ చూసుకుని పూర్తిగా గంట కూర్చున్నాను. వెంట వచ్చిన పెద్దాయన అరగంట ఓపిక పట్టి, "అది చచ్చి చాలాసేపైంది, నువ్వింకా బతికే ఉన్నావా?" అన్నాడు. వెళ్ళి చూస్తే నిలబడ్డ చోటుకు మూడడుగుల్లో ఉంది.

మాంసం రెండు మోతల్లో వీపున మోసుకొచ్చాం. మా ఆవిడ గోంగూర వేసి వండింది. ఆయనకు కారం ఎక్కువై కళ్ళనీళ్ళు పెట్టుకుని రెండోసారి వడ్డించుకున్నాడు.

ఆ సంక్రాంతికి ముసునూరు వచ్చాను. తోట నిండా పూత. తమ్ముడు మొక్కజొన్న చేలో అడవిపందుల గొడవ చెప్పి, "నీ తుపాకి తేలేకపోయావా అన్నయ్యా" అని నవ్వాడు. నాన్న చెట్టు చెట్టుకీ ఆగుతూ నడుస్తున్నాడు. ఫోన్‌లో కూస్ దుప్పి బొమ్మ చూపించాను. కళ్ళజోడు పైకి తోసి, ఫోన్ దూరం పట్టుకుని చూశాడు.

"డిసెంబరేనా?"

"డిసెంబరే."

"చెప్పాను గదా" అని సంతోషపడ్డాడు. "ఆ యేడు దీపావళికి పాపం, దొరకలేదన్నావు."

అప్పుడు చెప్పాను. కళ్ళు మూసుకున్నదీ, పచ్చటి పిప్పీ, పాలోవెర్దీ కింద నుంచి లేచిందీ, కాకులూ, అన్నీ. ఆయన ఆగలేదు, నడుస్తూనే విన్నాడు. పెద్దరసం చెట్టు దగ్గరికొచ్చాక అడిగాడు.

"ఎంతసేపు తిరిగుంటుందిరా?"

"తెల్లారేదాకా ఉండొచ్చు నాన్నా."

ఆయన ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. కొమ్మ ఒకటి కిందికి వంచి, పూతగుత్తి వేళ్ళ మధ్య రాసి చూశాడు. వేళ్ళు అంటుకున్నాయి.

"తేనెమంచు పట్టింది" అన్నాడు. "ఈ వరస మొత్తం చూసిరా, ఎన్ని చెట్లకుందో."

నేను ఆ వరసలోకి నడిచాను.